పెద్దాయన ఉన్నచోటే ఉన్నాడు

గౌరవనీయులైన గొర్రెల యజమానురాలికి,

నమస్కారాలు. నేను అరుదైన గొర్రెల సంరక్షణ కేంద్రంలో పశువైద్యుణ్ణి. బూడిదచెవి జాతి గొర్రెలు ఇప్పుడు మీ దొడ్డిలో తప్ప మరెక్కడా లేవని మా సర్వేలో తేలింది. ఒక పొట్టేలు, నాలుగు ఆడగొర్రెలు, అంతే. ఆ నాలుగూ ముసలివైపోయాయని, చూడి నిలిచినా మోసి ఈనే ఓపిక వాటికి లేదని మీరే మా సర్వేవాళ్ళతో అన్నారట.

కనుక జాతి నిలవడానికి ఒకటే దారి మిగిలింది. అయిదింటినీ రెండు నెలలపాటు మా కేంద్రానికి పంపండి. మేము వాటి పిండాలు తయారుచేసి, ఆరోగ్యంగా ఉన్న వేరే గొర్రెలకు పెడతాం. దయచేసి ఆలస్యం చేయవద్దు.

భవదీయుడు,
(సంతకం)
పశువైద్యుడు

తా.క.: పొట్టేలు బతికి ఉన్న జాతులకే ఈ పథకం వర్తిస్తుంది. పిల్లలు పుట్టేదాకా మూడు నెలలకోసారి పొట్టేలు ఎలా ఉందో మీ చేతిరాతతో తెలపాలి. ఈలోగా అది పోతే జాతి అంతరించినట్టు రాసి ఫైలు మూసేస్తారు.

* * *

డాక్టరు బాబుకి గొర్రెలామె రాయునది,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా క్షేమంగా ఉండాలంటే ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

బతికున్న గొర్రెలకి పిండాలు పెడతావా? నీ నోట్లో మన్ను పడ! పిండాలు పెట్టేది పోయినవాళ్ళకి బాబూ. మా గొర్రెలకి పళ్ళు పోయాయి గానీ ప్రాణాలు పోలేదు. పెట్టేవాడివి వాటికైనా పెడతావా అంటే అదీ లేదు, వేరే గొర్రెలకి పెడతానంటావు. మావాటి పిండాలు ముక్కూమొహం తెలియని గొర్రెలు తినడమేమిటి? ఎక్కడ చదువుకున్నావు నువ్వు?

ఈ మంద నాకు మా అమ్మ ఇచ్చింది. ఇచ్చిననాడు నూట ఇరవై ఉండేవి. రోగాలకి కొన్ని, కరువుకి కొన్ని పోయాయి. తెల్లచెవులవాటికి ఉన్ని ఎక్కువని చుట్టుపక్కలవాళ్ళంతా జాతి మార్చుకున్నారు. నేను మార్చలేదు. జాతి నిలవాలన్న పంతం నీకంటే నాకే ఎక్కువ. నేను కళ్ళు మూసేలోగా ఈ దొడ్డిలో ఒక్క బూడిదచెవి పిల్లయినా గెంతాలి. నాకు ఇంకో కోరిక లేదు.

నీ ఉత్తరం పెద్దాయనకి చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. లేచి వెళ్ళి తలుపుని తలతో రెండుసార్లు గుద్దాడు. తిరిగొచ్చి ఉత్తరంలో సగం నమిలి మింగాడు. నన్ను వదిలి వాడు రెండు రోజులైనా ఉండడు, నువ్వు రెండు నెలలంటున్నావు.

ఇట్లు,
గొర్రెలామె
(ఊళ్ళో నన్ను మొండి అత్త అంటారు. నువ్వూ అనొచ్చు, నా వెనకాల.)

తా.క.: పెద్దాయన మింగింది నీ సంతకం ఉన్న సగం. అందుకే పైన నీ పేరు రాయలేదు. ఫోను చేద్దామంటే దొడ్డిలో అది పలకదు. గుట్ట దిగితే పలుకుతుంది, కానీ నేను గుట్ట దిగితే గొర్రెల్ని ఎవరు చూస్తారు?

* * *

అత్తగారికి నమస్కారాలు.

తప్పు నాదే. ఆఫీసు భాషలో రాసేశాను. నేను చెప్పిన పిండం అంటే కడుపులో పడే తొలి నలుసు. అంతే. మీ పొట్టేలుకీ గొర్రెలకీ కలిగిన నలుసుల్ని తీసి, వయసులో ఉన్న తెల్లచెవుల గొర్రెల కడుపుల్లో పెడతాం. అవి మోసి ఈనుతాయి. పుట్టేవి మాత్రం అచ్చంగా మీ బూడిదచెవులే. ఒక్కో నలుసు ఆవగింజలో పదోవంతు ఉంటుంది. మోసే గొర్రెలు సిద్ధమయ్యేదాకా వాటిని సున్నాకి కింద నూట తొంభై ఆరు డిగ్రీల చలిలో భద్రంగా దాచుతాం.

ఇక మీవారి సంగతి చదివి చాలా బాధపడ్డాను. వయసు మీదపడ్డాక మా బాబాయి కూడా ఇలాగే గోడలతో గొడవపడేవాడు. కాగితాలు మింగడం మాత్రం అశ్రద్ధ చేయదగ్గది కాదు. నాకు తెలిసిన మంచి డాక్టరు ఒకాయన ఉన్నాడు. మీరు సరేనంటే నేనే మాట్లాడతాను. అందాకా వారిని ఒంటరిగా వదలకండి.

భవదీయుడు,
పశువైద్యుడు

తా.క.: ఈసారి సంతకం చేయలేదు. వారి ఆరోగ్యం దృష్ట్యా.

* * *

డాక్టరు బాబుకి,

మావారు పోయి పదహారేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ కాగితం తినడం మాట అటుంచు, చదవడానికి కూడా ముట్టుకోలేదు. పెద్దాయన అంటే మా పొట్టేలు. నీ జాలి చదివి నవ్వలేక పక్కటెముకలు పట్టేశాయి. ఇంకా నొప్పిగానే ఉంది.

నలుసు అని మొదటి ఉత్తరంలోనే రాసుంటే ఇంత దూరం వచ్చేదా? నేను నిలబెట్టలేకపోయిన మందని నువ్వు ఆవగింజలో పదోవంతులోంచి పెంచుతానంటున్నావు. సరే, పంతమంటే పంతమే. ఎల్లుండి లారీలో అయిదింటినీ ఎక్కిస్తున్నాను. పెద్దాయనకి ముందు వైపు చోటివ్వమని డ్రైవరుతో చెప్పాను. వెనక్కి తిరిగి ప్రయాణం చేస్తే వాడికి కళ్ళు తిరుగుతాయి.

కానీ బాబూ, నూట తొంభై ఆరు డిగ్రీల చలేమిటి? పసివాటికి అంత చలి పెడతారా ఎవరైనా? వాటి తల్లుల ఉన్నితోనే పన్నెండు స్వెట్టర్లు అల్లి లారీలో పెట్టాను. నలుసులన్నావు కదా, బొటనవేలంతే అల్లాను.

ఇట్లు,
మొండి అత్త

తా.క.: ఒకటి మాత్రం పక్కింటామెతో కబుర్లలో పడి పెద్దదైపోయింది. పారేయకు.

* * *

మొండి అత్తగారికి (మీరే అనమన్నారు),

స్వెట్టర్లు అందాయి. మా ల్యాబులో పనిచేసే ఆవిడ వాటిని మైక్రోస్కోపు పక్కన వరసగా పరిచింది. నలుసులకి ఇంకా భుజాలు ఉండవని మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అసలు కష్టం వేరే వచ్చింది. పెద్దాయన సహకరించడం లేదు. నలుసులు తయారవ్వాలంటే ముందు ఆయన వీర్యం కావాలి. మొదట బొమ్మ గొర్రెని నిలబెట్టాం. నేను గొట్టం పట్టుకుని పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన బొమ్మని చూశారు, నన్ను చూశారు, నన్ను పొడిచారు. మర్నాడు ఎదకొచ్చిన నిజం గొర్రెనే కట్టాం. ఆయన దాని మేత తిని వెళ్ళిపోయారు. ఇలా పన్నెండు రోజులు గడిచాయి. ఆయనతో ఉండి ఉండి నేను పొట్టేలుని 'ఆయన' అంటున్నాను, గమనించారా?

ఇంకో వారంలో పని జరక్కపోతే వెనక్కి పంపేయమని మా పై అధికారి తేల్చి చెప్పాడు. నాకు మాత్రం వదలబుద్ధి కావడం లేదు. లోకంలో ఉన్నది ఈయనొక్కడే. ఏం చేస్తే వింటారో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

భవదీయుడు,
పశువైద్యుడు

తా.క.: ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చునే వీలు లేదు.

* * *

బాబూ,

తప్పు నాది. చెప్పడం మరిచాను. పొద్దున్నే నేను తిట్టందే వాడు నీళ్ళు కూడా ముట్టడు. మీరేమో గారూ బూరూ అంటుంటారు. వాడికి దిగులు పుట్టి ఉంటుంది. కింద రాసింది వాడి ఎదురుగా నిలబడి గట్టిగా చదువు.

"ఒరే పెద్దాయనా! మేత దండగ మొహమా! మీ నాన్న రెండు గుట్టలు దాటి గొర్రెల వెంటపడ్డాడు, నువ్వు రెండు అడుగులు వెయ్యలేవా? అక్కడ బొమ్మలా నిలబడి ఎవర్ని ఉద్ధరిస్తున్నావు? నీ తర్వాత ఎవరున్నార్రా? నా తర్వాత ఎవరున్నార్రా? కదులు!"

చివరి రెండు ప్రశ్నలు వాడికోసం రాయలేదు, అవే వచ్చేశాయి. అయినా చదువు.

ఇట్లు,
అత్త

తా.క.: చదివేటప్పుడు చేతిలో చీపురు ఉండాలి. కొట్టకు. ఊరికే పట్టుకో.

* * *

అత్తకి,

అయింది! పని అయింది!

మొదటిసారి నేను చదివితే ఆయన ఆవలించారు. వార్తలు చదివినట్టుంది అంది ల్యాబావిడ. నా చేతిలోంచి కాగితమూ చీపురూ లాక్కుని తనే అందుకుంది. "మేత దండగ మొహమా" దగ్గర ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కదులు" అనేసరికి కదిలారు. గొట్టం పట్టుకుని నేను సిద్ధంగానే ఉన్నాను.

సరిగ్గా ఆ మేత దండగ తిట్టు దగ్గరే మా పై అధికారి తలుపు తీశాడు. తననే అనుకున్నాడు. ఆ రోజు నుంచి ఆఫీసుకి అందరికంటే ముందు వస్తున్నాడు.

మీ నాలుగు గొర్రెల నుంచి తొమ్మిది నలుసులు దక్కాయి. చలిలో భద్రంగా ఉన్నాయి. పెద్దాయనా గొర్రెలూ రేపు ఇంటికి బయలుదేరుతున్నాయి. ఆయన వెళ్తుంటే కేంద్రం బోసిపోతుందనిపిస్తోంది. గడువుకి ఆయన ఎలా ఉన్నారో రాయడం మరవకండి.

మీ
డాక్టరు

తా.క.: లారీలో ముందు వైపే ఎక్కిస్తున్నాం.

* * *

డాక్టరు బాబుకి,

పెద్దాయన ఎలా ఉన్నాడో రాయమన్నావు కదా, రాస్తున్నాను.

పెద్దాయన ఉన్నచోటే ఉన్నాడు. దొడ్డి వెనక, పొద్దుటి ఎండ పడే చోట. ఎవరినీ పొడవడం లేదు. మేత అడగడం లేదు. తలుపు గుద్దే అలవాటు పూర్తిగా మానుకున్నాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి తిట్టి వస్తున్నాను. ఎదురు తిరగడం లేదు.

నలుసుల్ని త్వరగా కడుపుల్లో పెట్టు బాబూ. నువ్వు మాటిచ్చావు.

ఇట్లు,
మొండి అత్త

తా.క.: ఫైలు మూయకు.

* * *

అత్తకి,

ఫైలు ఎందుకు మూస్తాం? మీ ఉత్తరం చదివి కేంద్రమంతా సంబరపడింది. అంత పొగరుబోతు పొట్టేలు రెండు నెలల్లో ఇంత మర్యాదస్తుడయ్యాడంటే, మా క్రమశిక్షణ అలాంటిది. "ప్రవర్తనలో గణనీయమైన మార్పు" అని నివేదికలో రాశాను. కింద నా సంతకం కూడా పెట్టాను.

అసలు కబురు: తొమ్మిది నలుసుల్నీ తెల్లచెవుల గొర్రెల్లో పెట్టాం. రెండింటికి చూడి నిలిచింది. ఇక దినదినగండమే. నేను ల్యాబులోనే మంచం వేసుకున్నాను.

మీ
డాక్టరు

తా.క.: మిగతా పొట్టేళ్ళకి ఆదర్శంగా పెద్దాయన ఫొటో గోడకి పెట్టాలని పై అధికారి ముచ్చటపడుతున్నాడు. మనిషిని పంపమంటారా?

* * *

బాబూ,

ఎవర్నీ పంపకు. ఇప్పుడు వాణ్ణి కదిలించడం మంచిది కాదు. చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగినా ముట్టడం లేదు, అంత నిగ్రహం. నువ్వు ఆ రెండు గొర్రెల్నీ చూసుకో. మెట్లు ఎక్కనివ్వకు.

ఇట్లు,
అత్త

తా.క.: ఫొటో లేకపోయినా ఆదర్శమే.

* * *

అత్తకి,

ఇవాళ పొద్దున రెండూ ఈనాయి. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్ల. రెండింటికీ బూడిద చెవులే!

ఆడది పుట్టగానే లేచి పాలు తాగింది. మగది మాత్రం బాగా నీరసంగా పుట్టింది. ఒళ్ళు ఎంత తుడిచినా వెచ్చబడలేదు. ల్యాబావిడ పరుగెత్తుకెళ్ళి మీరు కబుర్లలో పడి అల్లిన ఆ పెద్ద స్వెట్టరు తెచ్చింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది! గంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత కళ్ళు తెరిచాడు, లేచాడు, తూలాడు, నన్ను పొడిచాడు. అందరం ఏడ్చాం అత్తా, పై అధికారితో సహా.

తండ్రి అయ్యావని పెద్దాయనకి చెప్పండి.

మీ
డాక్టరు

తా.క.: మీ చీపురు సంగతి ముందే వాడికి చెప్పి ఉంచాం.

* * *

నాయనా,

చెప్పాను. నీ ఉత్తరం అందగానే దొడ్డి వెనక్కి వెళ్ళి, గడ్డిలో కూర్చుని, మొత్తం చదివి వినిపించాను.

వాడు మీ లారీ దిగిన తొమ్మిదో రోజునే పోయాడు. ఏ రోగమూ లేదు, వయసు. ఎనిమిది రోజులు తలుపులన్నీ గుద్ది ఇంటిని ఒకసారి చూసుకున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున తిట్టాను, లేవలేదు. ఇంకా గట్టిగా తిట్టాను. ఆ తర్వాత తిట్టలేకపోయాను. మావారు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు, ఆయన వింటే ఏమనుకుంటాడో గానీ.

ఏడుస్తూనే నీ మొదటి ఉత్తరం తీశాను. సంతకం ఉన్న సగం వాడి పొట్టలోకి పోయినా, అడుగున ఆ నిబంధన రాసిన ముక్క మాత్రం మిగిలింది. వాడు పోయాడని రాస్తే ఫైలు మూస్తారు. తొమ్మిది నలుసులూ ఆ చలిలోనే ఉండిపోతాయి. అందుకని వాణ్ణి కాగితం మీద నిలబెట్టాను. నా ఉత్తరాలు మళ్ళీ చదువుకో. ఒక్క అబద్ధం కనిపిస్తే చెప్పు. వాడు ఉన్నచోటే ఉన్నాడు. మర్యాద మాత్రం మీ క్రమశిక్షణ వల్ల రాలేదు బాబూ, ఏమీ అనుకోకు.

పిండాలు పెట్టేది పోయినవాళ్ళకి అని నిన్ను తిట్టాను, గుర్తుందా? నిజంగానే పోయినవాడికే పెట్టావు. లేచొచ్చి నిన్ను పొడిచాడు. ఇక నేను నిన్ను తిట్టను. పిల్లలు నడవగలిగాక పంపించు, దొడ్డి తలుపు కొత్తది వేయించాను.

ఇట్లు,
అత్త

తా.క.: ఈ ఉత్తరం ఫైల్లో పెట్టకు. దాచి ఉంచి, పళ్ళు వచ్చాక పిల్లవాడికి పెట్టు. సంతకం ఉన్న సగం నుంచి మొదలుపెడితే వాడు మనవాడే.