కంప్యూటరు లేని కోర్సు ఇప్పించండి

పాలకొల్లు,
12-9-1985

కంప్యూటరు శాఖాధిపతి గారికి నమస్కారాలండి.

మా అమ్మాయి మీనాకుమారి మీ యూనివర్సిటీలో చేరిన రోజున, కంప్యూటరు సైన్సులో మొదటి కోర్సు ఎంచుకోమని ఫారం ఇచ్చారు. ఒకటి కంప్యూటరుతో నేర్పేది, రెండోది దాని ఊసే లేకుండా కాగితం మీద లెక్కలు చేయించేది. బట్టల కొట్టు మూసి మరీ ఇంటిల్లిపాదీ ఆలోచించి, మొదటిదానికే టిక్కు పెట్టించాం.

రెండు నెలలైంది. మా పిల్లకి రేకుల షెడ్డులో నల్లబల్ల మీద కంప్యూటరు బొమ్మ గీసి చెబుతున్నారు. కాగితాల కోర్సు వాళ్ళేమో చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలో అసలు కంప్యూటరు పక్కనే కూర్చుంటున్నారు.

మొన్న నేనే వచ్చి మీ అటెండరు జీవరాజు గారిని నిలదీశాను.

"కాగితాల కోర్సు వాళ్ళకి కంప్యూటరు గురించి ఏమీ తెలీదండి, అందుకని ముట్టుకోరు. మీ అమ్మాయిగారి బ్యాచ్‌కి తెలుసు కదండీ, వేలు పెట్టేస్తారు" అన్నారు.

ముందు ఒళ్ళు మండింది గానీ, బస్సులో ఆలోచిస్తే సబబే అనిపించింది. కాబట్టి మా అమ్మాయిని కాగితాల కోర్సులోకి మార్చి, కంప్యూటరును చూసే భాగ్యం కలిగించండి. ఇంతవరకు నేర్చుకున్నది మరిచిపోవడానికి మాత్రం ఓ పదిహేను రోజులు గడువు ఇప్పించాలి.

మా అమ్మాయికి జ్ఞాపకశక్తి కాస్త ఎక్కువండి.

ఇట్లు,
మీనాకుమారి తండ్రి