మీటరు చూపిన పద్దెనిమిది

మోస్రా

బంగారు తల్లీ దీక్షితా,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పెళ్లంటూ చేసుకుంటే ఆ శ్రావణ్‌నే చేసుకుంటానన్నావు కదా, మొన్న బోధన్‌లో వాడి రిపేరు దుకాణానికి పోయాను. చేనుకు మందు కొట్టే పంపు చార్జర్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడమని ఇచ్చాను. ఆ మహానుభావుడు బ్యాటరీకి తగిలించి, తన మీటరు ఒక్కసారి ఆనించి, "చార్జర్ మంచిగనే ఉంది మామా, బ్యాటరీనే పాతదైంది" అన్నాడు. అప్పుడే మామనైపోయాను!

చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు కరెంటు పని చేసినవాణ్ణి. సంచిలోంచి నా మీటరు తీసి పెట్టాను. పద్నాలుగు వోల్టులు రావాల్సిన చోట పద్దెనిమిది! బ్యాటరీని ఉడకబెట్టే చార్జర్ అది. "గిది గూడ తెల్వదారా? దుకాణం బంద్ జేసి చెరుకు గొట్టుకో పో" అని గిరాకీల ముందే కడిగేశాను. తల దించుకుని నిలబడ్డాడు. పని తెలిసినవాడైతే నోరు తెరవడా? ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను కూలికి పోయాను గాని, పని రానివాడికి ఏనాడూ సలాం కొట్టలేదు. అటువంటివాడికి నిన్నిచ్చి నవ్వులపాలు కాలేను. ఈ సంబంధం వద్దు.

మీ బాపు,
రాజారాం

నిజామాబాద్

బాపుకు నీ బిడ్డ దండం.

ఉత్తరం చదివి నిన్న ఇంటికి వచ్చాను. నువ్వు లింబాద్రి గుట్టకు దర్శనానికి పోయావని అవ్వ చెప్పింది. నీ మీటరు తీసి, అప్పుడే కొన్న టార్చిలైటు సెల్లుకు పెట్టి చూశాను. ఒకటిన్నర రావాల్సింది రెండు దాకా చూపించింది. తెర మూలన చిన్న బ్యాటరీ బొమ్మ వెలుగుతోంది. మీటరు లోపలి సెల్లు అయిపోవస్తే అంకెలు ఎక్కువ చూపిస్తుంది బాపూ. ఇరవై రెండేళ్ల పనిమంతుడివి, చార్జర్‌ను అనుమానించావు గాని చేతిలోని మీటరును ఒక్కసారి అనుమానించలేదు.

ఆ బొమ్మ శ్రావణ్ అప్పుడే చూశాడట. ఎందుకు చెప్పలేదని కోప్పడితే, "పెద్దమనిషి, నలుగుర్ల ఇజ్జత్ తీస్తనా?" అన్నాడు. నువ్వు మాత్రం తీశావు. నా బాపుకు రాని పని లేదని చిన్నప్పటి నుంచి చెప్పుకు తిరిగాను, ఇప్పుడు సిగ్గేస్తోంది.

పెళ్లి ఆగదు. నువ్వు రాకుండా జరిగితే నేను ఏడుస్తాను, అది కూడా దాచను. కానీ ముందు బోధన్ పో. దుకాణం నిండా గిరాకీలు ఉన్నప్పుడే పో. తప్పు నాదేనని అందరికీ వినబడేటట్టు చెప్పు. అతన్ని పక్కకు పిలిచి గొణిగితే మాత్రం, పెళ్లికి రావద్దు.

దీక్షిత