సెమీఫైనల్ వార్త ఎందుకు రాలేదంటే

బావగారూ,

ఫోన్లో గొడవపడటం ఇష్టం లేక రాస్తున్నాను. మీవాడు పృథ్వీ ఆడిన యూనివర్సిటీ సెమీఫైనల్ గురించి మా పేపర్లో ఒక్క ముక్క రాలేదని కోప్పడ్డారు. "పేపరువాళ్లకే పట్టని క్రికెట్ వాడికెందుకు? ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కి చేర్పిస్తా" అన్నారు.

నేను వార్త పంపాను. లీగ్ జట్టు కెప్టెన్ మోకాలినొప్పి వార్తకి చోటు కావాలని డెస్కువాళ్లు తీసేశారు. పాఠకులు ఏళ్లుగా తెలిసిన పేర్లే చదువుతారు. కాలేజీ కుర్రాడి పేరు అలవాటయ్యేలోగా వాడి డిగ్రీ అయిపోతుంది. కాలేజీ మ్యాచ్‌లు టీవీలో చూపించరు. బాగా ఆడేవాళ్లను లీగ్ జట్లు ముందే తీసుకుపోతాయి. దీని మీద డెస్కువాళ్లతో వాదించి వాదించి అలసిపోయాను.

మనవాడు నాలుగు వికెట్లు తీశాడు. వికెట్ పడ్డ ప్రతిసారీ గ్యాలరీ వైపు చూశాడు. అక్కడ నేనూ, వాడి క్లాస్‌మేట్లు ఇద్దరూ ఉన్నాం. ఆట అయ్యాక, "మామా, పాపా నహీ ఆయే?" అంటూ మీరు రాలేదా అని అడిగాడు. ఆఫీసులో పనుందేమో అన్నాను. అప్పుడే మీరు ఇంట్లో టీవీలో చూస్తున్న లీగ్ మ్యాచ్ స్కోరు నాకు మెసేజ్ చేశారు. అది వాడికి చూపించలేదు.

ఆదివారం ఫైనల్. గ్రౌండ్ వసంత్ కుంజ్‌లో మీ క్వార్టర్స్ వెనకే. వాడి ఆట మానిపించాలనుకుంటే, ఒక్కసారి చూశాక మానిపించండి.

మీ బావమరిది