ఇరుసుకో సీసా ఆవకాయ

లాకులపేట,
2002 మే, మంగళవారం

చిరంజీవి బుల్లిరాజుకు మీ అమ్మమ్మ శ్యామలాంబ దీవించి రాయడం. ఇక్కడ అందరం బాగున్నామని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. రామచంద్రపురం సబ్‌స్టేషన్‌కి కొండంత ట్రాన్స్‌ఫార్మర్ వస్తోందనీ, కాకినాడ రేవు నుంచి దాన్ని లాక్కొచ్చే డ్రైవరువి నువ్వేననీ టీకొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు. మన కాలవ వంతెన మీదుగానేనా నాయనా? రాజరత్నం గడ్డిబండి వెళితేనే అది మూలుగుతుంది. నేను చెవులారా విన్నాను. జ్వరమని చెప్పి సెలవు పెట్టు. అబద్ధం చేతకాకపోతే మీ యజమానికి నేనే రాస్తాను.

నిద్రపట్టని
అమ్మమ్మ

తా.క. బస్సు కండక్టరుగారి చేత కొత్తావకాయ జాడీ, సున్నుండలు పంపాను. జాడీ పగిలిందేమోనని అదొక బెంగ.

కాకినాడ,
గురువారం

అమ్మమ్మకు నమస్కారాలు.

జాడీ పగల్లేదు, వంతెనా పగలదు. మా ట్రైలరుకి పద్నాలుగు వరసల యాక్సిళ్లున్నాయి. యాక్సిల్ అంటే మన బండి ఇరుసే. ఇరుసుకి ఇంత బరువేనని రూలుంది. ఇరుసుకీ ఇరుసుకీ మధ్య ఎడం కూడా రూలు ప్రకారమే ఉండాలి. దగ్గరదగ్గరగా ఉంటే బరువంతా వంతెన మీద ఒక్కచోటే పడుతుంది. పెళ్లి బంతిలో విస్తరికీ విస్తరికీ ఎడం ఇచ్చి జనాన్ని కూర్చోబెడతావు చూడు, అలాగన్నమాట. ఆఫీసువాళ్లు తూకం వేసి మరీ పర్మిట్ ఇస్తారు. కిలో ఎక్కువున్నా ఒప్పుకోరు. నిశ్చింతగా పడుకో.

నీ
బుల్లిరాజు

తా.క. ఆవకాయ అదిరింది. జాడీ బండిలోనే పెట్టుకున్నాం.

లాకులపేట,
శనివారం

చిరంజీవి బుల్లిరాజుకు,

నీ ఉత్తరం చదివాక ఉన్న కాస్త నిద్రా పోయింది. కిలో ఎక్కువున్నా ఒప్పుకోరని నువ్వే రాశావు, ఐదు కిలోల జాడీ బండిలో పెట్టానని కూడా నువ్వే రాశావు! ఏ ఇరుసు మీద పెట్టావురా? ముందుదాని మీదా? తక్షణం తీసెయ్యి. పక్కింటి పాపాయి దగ్గరికి వెళ్లి పద్నాలుగు హార్లిక్స్ సీసాలు అడిగి తెచ్చాను. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఆవకాయ సమంగా సర్ది ఇరుసుకో సీసా పెట్టు. మధ్యలో ఎడం మరిచిపోకు.

నీ క్షేమమే కోరే
అమ్మమ్మ

తా.క. సున్నుండలు తినేశారా? తింటే ఆ బరువు మీలోకి వచ్చిందన్నమాట. ఎవరెన్ని తిన్నారో, ఎవరు ఏ ఇరుసు మీద కూర్చుంటారో రాయి.

కాకినాడ,
సోమవారం

అమ్మమ్మకు,

మోసుకొచ్చేది తొంభై టన్నుల ట్రాన్స్‌ఫార్మరు. దాని ముందు ఆవకాయ ఎంత! అయినా నీ తృప్తి కోసం సీసాల్లోకి సర్దాను. మా సూపర్‌వైజరు శశిభూషణ్ గారు "ఇదేం పూజండి?" అని అడిగారు. వంతెన దగ్గర మావాళ్లంతా దిగి వెనక నడిచొస్తారు. బండిలో నేనొక్కణ్ణే ఉంటాను. నత్తనడకన, వంతెన నడిమధ్యగా పోనిస్తాను. ఆ కాసేపూ వంతెన మీద వేరే బండి గానీ మనిషి గానీ ఉండకూడదు. శుక్రవారం పొద్దున్న వస్తున్నాం. దాటాక ఆగడానికి వీల్లేదు, వంటలేం పెట్టుకోకు.

నీ
బుల్లిరాజు

తా.క. నువ్వు కంగారుపడి వంతెన మీదకి రాకు. నీ బరువు పర్మిట్‌లో రాయలేదు.

రామచంద్రపురం,
శుక్రవారం సాయంత్రం

అమ్మమ్మకు,

క్షేమంగా చేరాం. వంతెన కిక్కురుమనలేదు. కానీ నీ దగ్గర్నుంచి జవాబే లేదు. వంతెన దగ్గర నీకోసం చూశాను, నువ్వు లేవు. అసలు ఊళ్లో మనిషన్నవాడే లేడు! ప్రతి ఊళ్లోనూ జనం వంతెన నిండా ఎగబడ్డారు, వాళ్లని దింపలేక మా ప్రాణం పోయింది. మీ ఊరికేమైంది? నీ ఒంట్లో బాగుందా? ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. వెంటనే రాయి.

నీ
బుల్లిరాజు

లాకులపేట,
ఆదివారం

చిరంజీవి బుల్లిరాజుకు,

నాకేం, దుక్కలా ఉన్నాను. మీవాళ్లంతా దిగిపోయి నిన్నొక్కణ్ణే ఉంచుతారని చదివాక నాకు ముద్ద దిగలేదు. ఆగనన్నావు గానీ ఆకలేస్తే ఆగకపోతావా అని పాపాయిని కూర్చోబెట్టుకుని రెండు రోజులు పప్పు రుబ్బాను. జవాబు రాయడానికి చెయ్యి ఎక్కడ ఖాళీ?

శుక్రవారం తెల్లారేసరికి ఊరంతా వంతెన మీదే ఉంది. పోలీసాయన విజిలేస్తే ఇటువాళ్లు అటూ, అటువాళ్లు ఇటూ మారారంతే. రాజరత్నం పిట్టగోడెక్కి "ఇక్కణ్ణించైతే బాగా కనబడుద్దండి అమ్మమ్మగారూ, రండి" అంటాడు. "దిగరా, నీ బరువు ఏ ఇరుసుకి కట్టను?" అన్నాను. దిగలేదు. అప్పుడు గట్టిగా ఒక్కటే మాట అన్నాను: "మా ఇంట్లో గారెలు, పులిహోర వడ్డిస్తున్నాను. ముందొచ్చినవాళ్లకే గారెలు." వంతెన ఖాళీ. పోలీసాయన కూడా మొదటి బంతిలోనే కూర్చున్నాడు.

నీ బండి శబ్దం విన్నాను గానీ చూడలేదు నాయనా. బయటికొస్తే వీళ్లంతా నా వెనకే లేచొస్తారని, నువ్వు దాటేదాకా గరిటె దించకుండా మారు వడ్డిస్తూనే ఉన్నాను.

చూడకపోయినా దాటించిన
మీ అమ్మమ్మ

తా.క. తిరిగొచ్చేటప్పుడు ట్రైలరు ఖాళీగా వస్తుందటగా? కాలవగట్టు మీద గాలి విపరీతంగా ఉంది, తేలిగ్గా ఉంటే ఎగిరిపోదూ? ఇంకో జాడీ పంపుతున్నాను. ఇరుసుకో సీసా కట్టుకుని మరీ రా.