అతుకు దగ్గర గెంతు

శాంతక్కకు తమ్ముడు లింగం దండాలతో రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెప్తే నవ్వి పెట్టేస్తావని రాస్తున్నాను.

ఇక్కడ ఎండ తగ్గలేదు. గాలిలో చెమ్మ, పొద్దున ఆరింటికే చొక్కా తడుస్తోంది. ఈ వారమంతా స్టేడియం బయట నేలకు రాళ్ళు పరిచాం. ప్రపంచకప్పు చూడవచ్చేవాళ్ళు వాటి మీదే నడుస్తారు. తిండికి లోటు లేదు, దిగులు పడకు. ఇది దుబాయ్ కాదు, ఖతార్ అని బావకు మళ్ళీ చెప్పు.

మన వాడకట్టులో నాతో పెరిగిన రాజన్నకు ఇక్కడ పని అయిపోయింది. కంపెనీ ఇంటికి పంపుతోంది. పోయేలోపు ఒక్కసారి ఆ పాటకు స్టెప్పులేసి ఎగరాలని, శుక్రవారం క్యాంపు ఆటపాటలకు మా ఇద్దరి పేర్లూ ఇచ్చాడు. చిన్నప్పుడు పెద్దనాయన వీడియో కొట్టులో చూసిన పాటే. ఆదివారం సీరియల్లో ఇన్‌స్పెక్టర్ వేసే ఆయన తెల్లకోటు తొడుక్కుని పొగలో పాడేవాడు. ఆయనకు పాడటం రాదు. అయినా పాడాడు. మాకు అదే నచ్చింది.

మా గదిలో ఉండే నరేశ్ దాన్ని ఫోన్‌లో వెతికి తీశాడు. చూస్తే మధ్యలో మేం వేసే గెంతు లేదు! ఆయన మెల్లగా పక్కకు నడిచాడంతే. అప్పట్లో క్యాసెట్ నలిగితే నువ్వు బీడీ ఆకు కత్తెరతో టేపు కోసి, గోర్ల రంగుతో అతికించావు కదా. ఆ అతుకు దగ్గర బొమ్మ ఎగిరిపడేది. మేం దాన్ని స్టెప్పు అనుకున్నాం.

నరేశ్ పడీపడీ నవ్వాడు. "కాకా, ఆ గెంతు తీసెయ్యుండ్రి. అందరు నవ్వుతరు. రాజన్న కాకకు మోకాలు సుత మంచిగ లేదు."

"నవ్వనియ్యిరా," అన్నాడు రాజన్న. "ఆయన పాట ఆయనది. మాది శాంతక్క అతికిచ్చిన పాట. ఎగురుడే."

శుక్రవారం ఎగిరాం. రాజన్న కిందపడ్డాడు. క్యాంపంతా నవ్వింది. మోకాలు పట్టుకుని లేచి, "యల్లా, కానియ్, మొదటి నుంచి పెట్టు!" అని నరేశ్ మీద అరిచాడు. రెండోసారి పడలేదు. వాళ్ళు నవ్వు ఆపలేదు, మేం ఎగరడం ఆపలేదు.

క్యాసెట్ ఇంకా ఉంటే పారెయ్యకు. రాజన్న వచ్చి అడుగుతాడు, చూపించు. అతని మోకాలికి నూనె కాచి ఇవ్వు. పెద్దనాయన కాళ్ళకు నా తరఫున మొక్కు. నన్ను దీవించు.

నీ తమ్ముడు,
లింగం

తా.క.: రాజన్న ఆదివారం పొద్దున తొమ్మిదింటికి క్యాంపు వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు.