నీళ్ళలో ముంచిన గళ్ళ పెనం

సత్తెక్కకు చెల్లెలు యాదమ్మ కాళ్ళకు మొక్కి రాస్తున్నది. నేనూ మా ఆయనా ఇక్కడ బాగున్నాము. పురిటికి అమ్మ దగ్గరికి వచ్చావని మమ్మల్ని పనికి తెచ్చిన మేస్త్రి భార్య చెప్పింది. ఒంట్లో ఎట్లా ఉంది? అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బాపు గొర్లను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయాడా, ఇంకా కల్వకుర్తి దిక్కే ఉన్నాడా? నల్ల గొర్రె ఈనిందా?

ఇక్కడ పంజాబులో చలి మన చలి కాదక్కా. పొద్దున తొట్టిలో నీళ్ళు గాజుపెంకులా పేరుకుంటాయి. అన్నం ఎప్పుడో ఒకనాడు, మిగతా అన్నీ గోధుమరొట్టెలే. జొన్నరొట్టె కలలోకి వస్తోంది. అయినా బాగున్నాము, అమ్మను దిగులుపడొద్దని చెప్పు.

అమ్మకు ఇక్కడిదాకానే చదివి వినిపించు. కింద రాసేది నీకొక్కదానికే.

ఇక్కడ కడుతున్న డ్యాము సొరంగంలో రాళ్ళు మోసి మీ మరిదికి దగ్గు పట్టింది. దుమ్ములోకి పోవద్దు, చలిలో పడుకోవద్దు అని దవాఖానలో డాక్టరు చెప్పాడు. దేవుడి దయ వల్ల అమెరికా ఇంజనీరు దొర బంగళాలో ఆయనకు తోటపని, నాకు వంటింటి పని దొరికాయి. వంటింటి గోడకు ఆనుకొని ఉన్న అర్ర మాకిచ్చారు. పొయ్యి వేడికి ఆ గోడ తెల్లవార్లూ వెచ్చగా ఉంటుంది. వీపు గోడకు ఆనించి పడుకుంటే ఆయనకు దగ్గు నిమ్మళిస్తుంది. ఇప్పుడు ఆ అర్రే పోతుందేమోనని నా భయం.

దొరసాని దగ్గర పుస్తకంలా తెరుచుకునే పోత ఇనుప పెనం ఉంది. లోపల రెండు వైపులా గళ్ళు. జారుపిండి పోసి మూసి కాలిస్తే గుంతలు గుంతలుగా రొట్టె వస్తుంది. వాఫుల్ అంటారు. దాని మీద తీపి పాకం పోసుకొని తింటారు. మొన్న ముసురు పట్టి దొరసానికి జలుబు చేసింది. దొర ఊళ్ళో లేడు. "యాదమ్మా, ఆజ్ మీఠా నహీ. నమకీన్, మిర్చీ" అన్నది, తీపి వద్దు, ఉప్పూ కారం వెయ్యమని. మన ఉర్దూ ఇక్కడ కాస్త పనికొస్తోంది. పిండిలో ఉల్లాకు, పచ్చిమిరపకాయలు, నువ్వులు కలిపాను. మొదటిది ఆమే కాల్చి, పొయ్యి పక్కనే నిలబడి తిన్నది. ముక్కు కారుతుంటే నవ్వుకుంటూ ఇంకోటి కావాలని "ఔర్" అని చెప్పి ముందు గదిలోకి పోయింది.

రెండోది నేను కాల్చాలి. మనం తపాలచెక్క ఎట్లా చేస్తాము? ఒకటి కాలగానే తపాల గిన్నెను నీళ్ళలో ముంచి, చల్లారాక కదా మళ్ళీ పిండి ఒత్తుతాము. నువ్వే నేర్పావు. నా చెయ్యి ఆ అలవాటునే పోయింది. పెనాన్ని బకెట్లో ముంచాను. చుయ్‌మన్నది, వెంటనే టప్పుమన్నది. పైకి తీస్తే అడ్డంగా పగిలి ఉంది.

అది ఆమె తల్లి ఇచ్చిందట, ఓడలో తెచ్చుకున్నదట. ఆమె తిట్టలేదు. ముక్కలను గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టి, "సాబ్ ఆనే దో" అన్నది. అంతే.

"ఏమన్నదే?" అన్నాడు ఆ రాత్రి మీ మరిది.

"ఏమనలే. దొర రానీ అన్నది."

"తిడితె అయిపోవు. గిట్ల ఊకుంటెనే భయమైతాంది." మళ్ళీ తనే, "ఇనుమును గూడ నానేస్తవా పిల్లా, గదేమన్న శెనగపప్పా?" అని నన్ను నవ్వించబోయాడు. ఆ నవ్వుతోనే ఆయనకు దగ్గు తెర వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంతవరకు రాసి ఆపాను. నిన్న దొర వచ్చాడు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మా ఇద్దరినీ వంటింట్లోకి పిలిచారు. దొర ముక్కలను బల్ల మీద పెట్టి, నీళ్ళలో ఎందుకు ముంచావని హిందీలో అడిగాడు. అది మన అలవాటని చెప్పేంత హిందీ నాకు రాదు.

"చెప్పరాదే" అని మీ మరిది గొణిగాడు.

చెప్పలేక, అర్రలోకి పోయి మన సత్తు తపాల, బియ్యప్పిండి తెచ్చాను. ఉల్లాకు, కారం కలిపి, తపాలకు నూనె రాసి పిండి ఒత్తాను. వేలితో బొక్కలు పెట్టి, మూతపెట్టి కాల్చాను. చెక్క తీసి వాళ్ళకు పెట్టి, వేడి తపాలను బకెట్లో ముంచాను. పైకెత్తి చూపించి "ఐసా" అన్నాను, మా ఊళ్ళో ఇట్లాగే అని.

దొర ఒక ముక్క తిన్నాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు. పెనం కార్ఖానాలో అతుకుతుందేమో చూస్తానన్నాడు. మీ మరిది చేతులు కట్టుకొని, అర్ర ఖాళీ చెయ్యాలా అని "కమ్రా ఖాళీ కర్నా, సాబ్?" అన్నాడు.

"క్యూఁ?" ఎందుకని అడిగాడు దొర.

ఆ ఒక్క మాటతో అర్ర పోదని తెలిసిందక్కా.

ఈ పొద్దు దొరసాని తపాలచెక్క తానే చేస్తానన్నది. ఒకటి కాలింది. పట్టకారుతో తపాల పట్టుకొని బకెట్ దగ్గరికొచ్చి ఆగిపోయింది. ముంచడానికి భయం. నా దిక్కు చూసింది. ముంచమని తలూపాను. కళ్ళు మూసుకొని ముంచింది. చుయ్‌మన్నది. టప్పుమంటుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. ఏమీ కాలేదు.

పెనం అతికేదాకా నాకు నిద్ర పట్టదు. దగ్గు కూడా పూర్తిగా పోలేదు. మన దిక్కు నుంచి ఎవరైనా పనికి వస్తుంటే మందపాటి తపాల ఒకటి, కొన్ని నువ్వులు పంపు. అమ్మకూ బాపుకూ మా దండాలు. నీ పురుడు సుఖంగా జరగాలి, మమ్మల్నీ దీవించు. అమ్మ అడిగితే, ఇద్దరూ వెచ్చగానే పడుకుంటున్నారని చెప్పు.

నీ చెల్లెలు
యాదమ్మ