బాపు నా దిక్కు తిరిగిన రోజు

సిరిసిల్ల, 1993

కోరుట్ల లచ్చవ్వత్తకు,

అత్తా, మీరంత మంచిగున్నరనుకుంట. నా మనసే మంచిగ లేదు.

మా సైకాలజీ సారు మాతోని విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాయిస్తున్నడు. నాకు జ్ఞాపకం గురించి రాయమన్నడు. మనిషి మరువని దానికి ఉదాహరణగ బాపు సంగతే రాసిన. నా చిన్నప్పుడు, అడవిల అన్నలకు అన్నం పెట్టిండని పోలీసులు బాపును బట్ట నేసే సాంచాల కాడికెల్లి తీస్కపోయిండ్రు. జీపెక్కుకుంట బాపు నా దిక్కు తిరిగి, "భయపడకు బిడ్డా" అన్నడు. మల్ల రాలేదు.

సెలవులకు ఇంటికొచ్చి అవ్వకు సదివి వినిపించిన. అవ్వ నా చేతిల కాయితం తీస్కొని పక్కన పెట్టి, "నువ్వాడ లేవు బిడ్డా. గప్పుడు కోరుట్లల మీ అత్త కాడున్నవు. బిడ్డను భయపడద్దను అని మీ బాపు నాతోని చెప్పి పోయిండు" అన్నది.

విన్నదాన్ని చూసిననుకుంటడు మనిషి అని పుస్తకాలల్ల సదివిన. గది నాకే అయితదనుకోలేదు. ఇన్నేండ్లు తల్సుకొని ఏడ్చిన గా మొఖం నేను చూడనేలేదా?

అత్తా, నన్ను ఓదార్చేటందుకు ఏం రాయకు. గా దినం నీ ఇంట్ల నేనేం చేస్తున్ననో ఉన్నదున్నట్టు రాయి. నవ్వుకుంట ఆడుకుంటున్నా సరే. గది గూడ నేను విన్నదే అయితది గని, నిజమైతది.

నీ మేనకోడలు